కుక్కవాయింటా, ఆవ మొక్కా? గెట్టు మీద మొక్కను గుర్తుపట్టడం ఎలా

మృగశిరలో నాలుగు వానలు గట్టిగా పడితే చాలు. నెల తిరిగేసరికి మన చెల్కల గెట్ల మీద చిన్న పసుపు పూల మొక్క ఒకటి మోకాలెత్తు లేస్తుంది. పూవుకు నాలుగు రేకులు, సన్నగా పొడుగ్గా కాయలు, ఆకు నలిపితే ఘాటు వాసన. దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా, అటు జడ్చర్ల, నారాయణపేట దాకా ఏ బాట పట్టినా కనిపిస్తుంది. పత్తి చేలో కలుపు తీసేవాళ్లు రోజూ పీకి పారేసేది ఇదే.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఒక ఏడాది పిల్లలతో ఊళ్లో మొక్కల చార్టు చేయిస్తూ ఈ మొక్కను ఫోన్‌లో ఫోటో తీశాను. యాప్ 'వైల్డ్ మస్టర్డ్' అని చూపించింది. నాలుగు రేకులు ఉన్నాయి, పసుపు రంగు ఉంది, నాకూ సబబుగానే అనిపించింది. 'అడవి ఆవ మొక్క' అని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించాను. బడిలో వంట చేసే అవ్వ అటుగా వెళ్తూ ఆగి, గోడ మీది కొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "ఆవ చెట్టుకు జిగటుంటదా సారూ? ఇది కుక్కవాయింట. పట్టుకొని సూడుండ్రి" అన్నది. పట్టుకున్నాను. వేళ్లు అతుక్కున్నాయి.

ఆ రోజు నుంచి మొక్కను గుర్తుపట్టే పద్ధతే మార్చుకున్నాను. రంగు చూసి పేరు పెట్టడం మానేశాను. ముట్టుకుంటాను, లెక్క పెడతాను, కాయ చీల్చి చూస్తాను, ఆ తర్వాతే పేరు. ఈ పద్ధతినే వరుసగా చెబుతాను. మీ చేతిలో ఒక కొమ్మ ఉంటే చదువుతూనే చేసి చూడొచ్చు.

వెళ్లే ముందు

పొద్దున్నే వెళ్లండి. ఎండ ముదిరాక రేకులు వాడి ముడుచుకుంటాయి, లెక్క తప్పుతుంది. ఆరుద్ర కార్తె నుంచి హస్త కార్తె దాకా, అంటే జూన్ చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా, మంచి కాలం. అప్పుడైతే ఒకే మొక్క మీద మొగ్గ, పువ్వు, పచ్చి కాయ, ఎండిన కాయ నాలుగూ దొరుకుతాయి. పువ్వు ఒక్కటే ఉన్న మొక్కను చూసి తేల్చేయొద్దు. కాయ లేకపోతే ఇంకో మొక్క వెతకండి, లేదంటే వారం ఆగి మళ్లీ రండి.

వెంట పెద్ద సామాను అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, తెల్ల కాగితం, స్కేలు, పెన్ను, పాత న్యూస్‌పేపర్ ఉంటే చాలు. భూతద్దాన్ని మొక్క దగ్గర కాదు, మీ కంటికి ఆనించి పట్టుకోవాలి. పువ్వును దాని దగ్గరికి తెచ్చుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు, ఏమీ కనబడట్లేదని వదిలేస్తారు.

మందు కొట్టిన చేలోకి వెళ్లకండి. పత్తి చేను అయితే రైతును అడిగి, ఎప్పుడు కొట్టారో తెలుసుకుని దిగండి. చేతులతో ముట్టుకుని చూసే పని కాబట్టి ఇది మరిచిపోవద్దు.

మొదట ఆకు

పువ్వు మీదికే కన్ను పోతుంది, కానీ ఆకుతో మొదలుపెడితే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ఆవ మొక్క ఆకు ఒక్కటే ఆకు. కింది ఆకులు ముల్లంగి ఆకులాగా అంచుల్లో లోపలికి చీలి ఉండొచ్చు, అయినా అది ఒకే ఆకు. వాయింట జాతి ఆకు అలా కాదు. కాడ చివర ఒకే చోటు నుంచి చిట్టి ఆకులు అరచేతి వేళ్లలాగా విచ్చుకుంటాయి. కుక్కవాయింటలో 3 నుంచి 5 వేళ్లు. కింది ఆకుల్లో 5 ఉన్నా పైకి పోయేకొద్దీ 3 అవుతాయి. దీని చుట్టమే అయిన, తెల్ల పూల కూర వాయింటలో ఎక్కువగా 5 ఉంటాయి.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: ఆకు ఒక్కటా, వేళ్లలా విడిపోయిందా? వేళ్లలా ఉంటే అది ఆవ మొక్క కాదు. నేను చార్టు రాసిన రోజు ఈ ఒక్కటి చూసినా సరిపోయేది.

ఇక్కడే ఒక పేరు గొడవ ఉంది. వాయింటను కొన్ని ఊళ్లలో వామింట అంటారు, కొన్ని ఊళ్లలో వావింట. పక్కనే వావిలి అనే ఇంకో మొక్క ఉంది. బాలింతల స్నానానికి నీళ్లలో వేసే వావిలాకు. దానికీ ఆకు ఐదు వేళ్లే. కానీ వావిలి గట్టి కట్టె ఉన్న పొద, మనిషెత్తు దాటుతుంది. ఆకులు కొమ్మకు రెండు పక్కలా ఎదురెదురుగా జంటలుగా పుడతాయి, ఆకు అడుగు తెల్లబారి ఉంటుంది, పువ్వు లేత ఊదా. వాయింట ఒక్క వానాకాలంలో పుట్టి పోయే మెత్తటి మొక్క, ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. గంగవాయిలి, సన్నవాయిలి అయితే నేల మీద పాకే నీటి కాడల కూరలు, వాటికి దీనితో ఏ చుట్టరికమూ లేదు. ఎవరైనా పేరు చెబితే ఆ పేరును నోట్‌బుక్‌లో రాసుకోండి, కానీ పేరు వినగానే మొక్క తెలిసిపోయిందని అనుకోవద్దు.

ఇప్పుడు ముట్టుకోండి

కాండాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నెమ్మదిగా పైకి జరపండి. కుక్కవాయింట అయితే వేళ్లు ఆగి ఆగి కదులుతాయి. బంక అంటినట్టు ఉంటుంది. కాండం మీద, ఆకు మీద, ఆఖరికి కాయ మీద కూడా ఆ జిగట ఉంటుంది.

ఇప్పుడు భూతద్దం పెట్టి కాయను వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. కాయ అంతా సన్నటి నూగు. ఒక్కొక్క నూగు చివర ఒక్కొక్క చుక్క, మంచు బొట్టులాగా మెరుస్తూ కనిపిస్తుంది. ఆ చుక్కల్లో దుమ్ము, ఇసుక రేణువులు, ఒక్కోసారి చిన్న చిన్న పురుగులు అతుక్కుని చచ్చిపోయి ఉంటాయి. మా పిల్లల్లో ఒకడు ఒకే కాయ మీద పదకొండు పురుగులు లెక్కపెట్టాడు. మొక్క వాటిని తినదు. చిన్న పురుగులు పైకి ఎక్కి పువ్వునూ కాయనూ పాడు చేయకుండా ఈ జిగట అడ్డం పడుతుంది. ఈ మొక్క శాస్త్రీయ నామం క్లియోమ్ విస్కోసా. విస్కోసా అంటే జిగటగా ఉండేది అనే అర్థం. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని నిలబెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు దీన్ని అరివెలా విస్కోసా అని కూడా రాస్తున్నారు. అవ్వ రెండు వేళ్లతో చెప్పిన గుర్తే ఆ లాటిన్ పేరులోనూ ఉంది.

ఆవ మొక్కకు ఈ జిగట ఉండదు. కింది ఆకుల మీద గరుకు నూగు ఉండొచ్చు, పూలు పూసే పై కొమ్మలు నున్నగా ఉంటాయి.

వేళ్లు వాసన చూసుకుని, చేతులు కడుక్కోండి. ఆ చేత్తో కళ్లు నలుముకోవద్దు. కుక్కవాయింట రసం చర్మానికి మంట పుట్టిస్తుంది, కొందరికి ఎర్రగా పొంగుతుంది.

పువ్వును లెక్కపెట్టడం

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. ఇవాళే విచ్చుకున్న పువ్వు ఒకటి తీసుకుని తెల్ల కాగితం మీద పెట్టండి. సూదితోనో ముల్లుతోనో ఒక్కొక్క భాగం విడదీసి వరుసగా పేర్చండి.

రేకులు నాలుగే వస్తాయి. ఆవకూ నాలుగే, ముల్లంగికీ నాలుగే, వాయింటకూ నాలుగే. అందుకే లెక్క ఒక్కటే సరిపోదు, అవి ఎటు తిరిగి ఉన్నాయో చూడాలి. ఆవ పువ్వును ఎదురుగా పట్టుకుంటే నాలుగు రేకులు నాలుగు దిక్కులకు, కూడలిలో నాలుగు బాటల్లాగా సమానంగా ఉంటాయి. పాత పుస్తకాల్లో ఈ కుటుంబాన్ని క్రూసిఫెరే అన్నది అందుకే. శిలువను మోసేది అని దాని అర్థం. ఇప్పటి పేరు బ్రాసికేసీ. కుక్కవాయింట పువ్వులో రేకులు నాలుగూ పైకే తిరిగి విసనకర్రలాగా విచ్చుకుంటాయి. కింది పక్క ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీలోంచి కేసరాలు ముందుకు చాచుకుని వస్తాయి. ఒక్కసారి ఈ తేడా కంట్లో పడితే తర్వాత బస్సు కిటికీలోంచి చూసినా గుర్తుపడతారు.

తర్వాత కేసరాలు, అంటే పుప్పొడి సంచులు మోసే పోగులు. ఆవ పువ్వులో సరిగ్గా 6. అందులో నాలుగు పొడుగు, రెండు పొట్టి. ఆవ, ముల్లంగి, క్యాబేజీ కుటుంబంలో దాదాపు అన్నిటికీ ఇది ముద్ర లాంటిది. కుక్కవాయింటలో కేసరాలు పదికి తక్కువ ఉండవు, ఇరవై దాకా ఉండొచ్చు, అంతకు మించి కూడా ఉంటాయి. ఒకే మొక్క మీద రెండు పూలలో ఒకే లెక్క రావాలని లేదు. పిల్లలు దీనికి గాబరాపడతారు, తప్పు లెక్కపెట్టామేమో అని మళ్లీ మళ్లీ చూస్తారు. లెక్క మారడమే దాని గుణం అని చెప్పండి.

కూర వాయింట పువ్వు ఇంకో తీరు. తెల్లగా, కొద్దిగా గులాబీ చాయతో ఉంటుంది. కొమ్మ చివర గుత్తిగా పూస్తుంది, ప్రతి పువ్వు కింద మూడు వేళ్ల చిన్న ఆకు ఒకటి ఉంటుంది. దీనికి కేసరాలు 6, ఊదా రంగులో, పిల్లి మీసాల్లాగా బయటికి సాగి ఉంటాయి. ఆరు అనగానే ఆవ కుటుంబం అనుకోవద్దు, అవి ఎక్కడ పుట్టాయో చూడండి. ఆవలో కేసరాలు రేకుల పక్కనే, పువ్వు అడుగున పుడతాయి. కూర వాయింటలో పువ్వు నడుమ నుంచి సన్నటి కాడ ఒకటి పైకి లేస్తుంది. ఆ కాడ మీద, రేకులకు చాలా ఎత్తులో, కేసరాలు ఒకే చోట నుంచి విరజిమ్మినట్టు వస్తాయి. ఆ పైన ఇంకో చిన్న కాడ, దాని చివర లేత కాయ. ఆడ భాగం మోసే కాడే మగ భాగాన్నీ మోస్తున్నట్టు కనబడుతుంది. దీని శాస్త్రీయ నామం గైనాండ్రోప్సిస్ గైనాండ్రా. గ్రీకులో స్త్రీ, పురుషుడు అనే రెండు మాటలు కలిపితే వచ్చిన పేరు అది. నేను ఇంతకాలంగా చూస్తున్నా ఆ పువ్వును భూతద్దం కింద పెట్టినప్పుడల్లా ఇంకొంచెంసేపు చూడాలనే అనిపిస్తుంది.

కూర వాయింట ఎక్కువగా పెంటకుప్పల పక్కన, పశువుల దొడ్ల దగ్గర, పాత గోడల వెంట, అంటే ఎరువు బలం ఉన్న చోట పుడుతుంది. కుక్కవాయింటకు ఆ బలం అక్కర్లేదు, ఉత్త దుబ్బ నేలలోనూ గట్టిగా నిలబడుతుంది. చెరువు శిఖంలో, నల్లరేగడి తడిలో గులాబీ రంగు పూలతో ఇంకో చుట్టం కనిపిస్తుంది, దాని పేరు క్లియోమ్ కెలిడోని. ఇళ్ల ముందు కుండీల్లో పెద్ద పెద్ద గులాబీ గుత్తులతో పెంచే స్పైడర్ ఫ్లవర్ కూడా ఈ బలగమే, ఆకు కాడ మొదట్లో చిన్న ముళ్లు ఉంటే అది ఈ తోట మొక్క.

కాయ చీల్చి చూడటం

అనుమానం ఇంకా మిగిలితే కాయ తీర్పు చెబుతుంది. ఆవ కాయ ముక్కుతో ఉంటుంది, అంటే చివర గింజలు లేని సన్నటి మొన. పండిన ఆవ కాయను గోటితో విప్పితే రెండు పక్కల పెచ్చులు కింది నుంచి పైకి ఊడివస్తాయి. మధ్యలో తెల్లటి, వెలుతురు పారే పొర ఒకటి నిలబడి ఉంటుంది. ఉల్లిపొరకన్నా పలుచన. ఆ పొరకు రెండు పక్కలా గింజలు అంటుకుని ఉంటాయి.

వాయింట కాయలోనూ రెండు పెచ్చులే, కానీ మధ్యలో పొర ఉండదు. పెచ్చులు ఊడితే చుట్టూ ఒక సన్నటి దారం లాంటి చట్రం మిగులుతుంది, గింజలు ఆ చట్రానికి పట్టుకుని ఉంటాయి. పొర ఉంటే ఆవ బలగం, పొర లేకుండా ఉత్త చట్రం ఉంటే వాయింట బలగం. కుక్కవాయింట కాయ 5 నుంచి 10 సెంటీమీటర్లు, నిటారుగా ఆకాశం వైపు చూస్తుంది, మీద నిలువు గీతలు, జిగట. ఎండాక కొన నుంచి కిందికి విచ్చుకుంటుంది. కూర వాయింట కాయకైతే పొడుగు కాడ ఉంటుంది. పువ్వులో చూసిన ఆ కాడే ఇది.

గింజను కూడా వదలొద్దు. పోపు డబ్బాలోంచి నాలుగు ఆవాలు తీసి పక్కన పెట్టి చూడండి. ఆవగింజ గుండ్రంగా, నున్నగా దొర్లిపోతుంది. వాయింట గింజ దొర్లదు. నత్తగుల్లలాగా ఒక పక్కకు చుట్టుకుని, మీద గట్లు గట్లుగా గరుకుగా ఉంటుంది. కంటికి రెండూ నల్లటి చుక్కలే. భూతద్దంలో చూస్తే ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం కుదరదు.

పసుపు పువ్వులన్నీ ఒకటి కావు

ఇక్కడ ఒక మొక్క గురించి గట్టిగా చెప్పాలి. బ్రహ్మదండి. చలికాలం చివర్లో బీడు భూముల్లో, రోడ్ల పక్కన పెద్ద పసుపు పూలతో కనిపిస్తుంది. ఆకు నిండా ముళ్లు, తుంచితే పసుపు పాలు కారతాయి. రేకులు నాలుగు నుంచి ఆరు. దీని గింజలు గుండ్రంగా, నల్లగా, అచ్చం ఆవాల్లాగే ఉంటాయి. ఆవనూనెలో ఈ నూనె కలిసి 1998లో ఢిల్లీలో ఎంతోమందికి కాళ్ల వాపులు, గుండె జబ్బు వచ్చాయి, ప్రాణాలు పోయాయి. పిల్లలు గింజలు ఏరేటప్పుడు ముళ్ల కాయ ఉన్న మొక్క జోలికి వెళ్లకుండా చూడండి. భూతద్దం కింద బ్రహ్మదండి గింజ మీద వల అల్లినట్టు గుంటలు కనిపిస్తాయి.

వరి మడుల ఒడ్లమీద ఇంకో మొక్క మోసం చేస్తుంది. లుడ్విజియా అంటారు. సరిగ్గా నాలుగు పసుపు రేకులు, అందుకని ఆవ కుటుంబం అనిపిస్తుంది. ఆకు చూస్తే ఒక్కటే. ఇక్కడ చూడాల్సింది కాయ ఎక్కడుందో. లుడ్విజియాలో రేకుల కిందే కాయ మొదలవుతుంది, పువ్వు కాయ నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది, లవంగం గుర్తొస్తుంది. ఆవలో, వాయింటలో కాయ పువ్వు లోపలి నుంచి వస్తుంది, రేకులు కిందే ఉండిపోతాయి.

తంటెం, పల్లేరు, పులిచింత, వీటికి ఐదు రేకులు. లెక్కపెట్టగానే పక్కకు తప్పుకుంటాయి.

అసలు ఆవను పక్కన పెట్టుకోండి

చదివినదానికన్నా పోల్చి చూసినదే గుర్తుంటుంది. మన దగ్గర ఆవ పంట దాదాపు లేదు కాబట్టి దాని పువ్వును చూసినవాళ్లే తక్కువ. దసరా వెళ్లాక, రాత్రులు చల్లబడ్డప్పుడు, పోపు డబ్బాలోంచి పది ఆవాలు తీసి ఒక కుండీలో చల్లండి. నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, నెలన్నర అటూఇటూగా పూస్తాయి. పెరట్లో ముల్లంగి ఉంటే ఒక దుంపను పీకకుండా వదిలేయండి, తెల్లగానో లేత ఊదాగానో అవే నాలుగు రేకుల పూలు వస్తాయి. క్యాబేజీ కోసం మాత్రం ఎదురు చూడొద్దు. దానికి పువ్వు రావాలంటే వారాల తరబడి గట్టి చలి కావాలి, పాలమూరు చలి చాలదు.

కుక్కవాయింట, ఆవ రెండూ అంత దూరపువి మాత్రం కావు. మొక్కల జన్యువులను పోల్చి చూసినప్పుడు వాయింట జాతికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఆవ కుటుంబమే అని తేలింది. 1998 వర్గీకరణలో రెండింటినీ ఒకే కుటుంబంలో కలిపారు. 2009 సవరణలో వాయింట జాతిని విడదీసి క్లియోమేసీ అనే సొంత కుటుంబం ఇచ్చారు. ఆవాలు నూరితే ముక్కుకు పట్టే ఘాటు ఏ రసాయనాల నుంచి వస్తుందో, ఆ తరహా రసాయనాలే వాయింటలోనూ ఉన్నాయి. క్యాబేజీని తినే పురుగుల్లో కొన్ని వాయింట మీదికి కూడా రావడానికి కారణం అదే. యాప్ చెప్పిన పేరు తప్పే, కానీ అది పొరపాటు పడ్డది దగ్గరి ఇంటి దగ్గరే.

కూర వాయింట గురించి ఒక మాట. ఎండ మండుతున్నా అది కళకళలాడుతూ ఉంటుంది. జొన్న, మొక్కజొన్న ఎండను వాడుకునే పద్ధతినే (సీ4 అంటారు) అదీ పాటిస్తుంది. ఆవకు ఆ గుణం లేదు. అందుకే శాస్త్రవేత్తలు ఈ రెండు చుట్టాలనూ పక్కపక్కన పెట్టి చదువుతున్నారు.

తినొచ్చా, వాడొచ్చా

కూర వాయింట లేత చిగుళ్లు కూరకు పనికొస్తాయి. కొద్దిగా చేదు. ఉడికించి నీళ్లు వంచేసి, కందిపప్పులో చింతపండు, పచ్చిమిర్చి వేసి చేస్తే బాగుంటుంది. కెన్యాలో ఇదే ఆకును సంతల్లో కట్టలు కట్టి అమ్ముతారు. కానీ రోడ్డు పక్కది, మురుగు కాలువ పక్కది, కలుపు మందు కొట్టిన గెట్టుది కోయొద్దు. ఆకు పచ్చగా ఉంది కదా అని మందు పడలేదని అనుకోవడానికి లేదు.

మొదటిసారి గుర్తుపట్టిన మొక్కను ఆ రోజే వండుకోవద్దు. ఎప్పటి నుంచో ఆ కూర వండుతున్న పెద్దమనిషికి చూపించి, అవునంటేనే వండండి.

కుక్కవాయింటను కూరకు కోయరు. మన భాషలో తినేదానికి అడవి జోడు ఉంటే దానికి ముందు 'కుక్క' చేరుస్తాం, కుక్క తులసి, కుక్కగొడుగు అన్నట్టు. తమిళులు కూడా దీన్ని నాయ్‌వేళై అంటారు, నాయ్ అంటే కుక్క. కూర వాయింటను నల్వేళై, అంటే మంచి వేళై అంటారు. చెవి నొప్పికి కుక్కవాయింట పసరు పోయడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటు. దయచేసి పోయకండి, ముఖ్యంగా పిల్లలకు. చర్మాన్నే మండించే రసం అది. లోపల కర్ణభేరికి చిల్లు ఉందో లేదో బయటి నుంచి మనకు కనబడదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నమూనా దాచుకోవడం

గుర్తుపట్టాక ఆ పనిని కాగితం మీద నిలబెట్టాలి. పువ్వు, కాయ రెండూ ఉన్న కొమ్మను, వీలైతే వేరుతో సహా తీసి, న్యూస్‌పేపర్ మడతలో పరవండి. ఒక ఆకును తిరగేసి పెట్టండి, అడుగు భాగం కూడా కనబడాలి. కుక్కవాయింట కాగితానికి అతుక్కుంటుంది కాబట్టి మీద ఒక పలుచటి నూనె కాగితం వేయండి. పైన బరువు పెట్టి, మొదటి మూడు నాలుగు రోజులు రోజూ పేపర్ మార్చండి. వానాకాలంలో ఒక్క రోజు మార్చకపోయినా బూజు పడుతుంది. మా మొదటి ఏడాది నమూనాలు సగం అలాగే పోయాయి. పది రోజులకు ఎండుతుంది. అప్పుడు 42 సెంటీమీటర్ల పొడుగు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్ట మీద కుట్టి దాచండి. ఎండిన గింజలు నాలుగు చిన్న కాగితపు పొట్లంలో కట్టి అదే అట్టకు అంటించండి.

చీటీ మీద ఊరు, మండలం, తేదీ, నేల ఎలాంటిది, మొక్క ఎత్తు, పువ్వు రంగు రాయండి. రంగు తప్పకుండా అదే రోజు రాయాలి, ఎండాక పసుపూ తెలుపూ రెండూ మట్టి రంగే అవుతాయి. మీరు లెక్కపెట్టిన సంఖ్యలు కూడా రాయండి: రేకులు ఇన్ని, కేసరాలు ఇన్ని, చిట్టి ఆకులు ఇన్ని. రేపు ఎవరైనా పేరు తప్పంటే, ఆ లెక్కలు చూసి మళ్లీ తేల్చుకోవచ్చు.

తేలకపోతే, ఫోటోలు పెడితే తెలిసినవాళ్లు చూసి పేరు చెప్పే వెబ్‌సైట్ ఐనాచురలిస్ట్‌లో ఫోటోలు పెట్టండి. మొక్క మొత్తం ఒకటి, ఆకు ఒకటి, పువ్వు ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, విప్పిన కాయ ఒకటి. ఒకే ఒక్క పసుపు పువ్వు ఫోటో పెడితే అక్కడ కూడా నాకు వచ్చిన జవాబే వస్తుంది. పాలమూరు వైపు ఉన్నవాళ్లు జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోని తెలంగాణ బొటానికల్ గార్డెన్‌కు నమూనా తీసుకెళ్లి చూపించొచ్చు.

చీటీలో ఇంకో గీత వదలండి: స్థానిక పేరు, చెప్పినవారు. మా బడి అట్ట మీద 'అడవి ఆవ మొక్క'ను కొట్టేసి, కింద కుక్కవాయింట అని రాసి, ఆ గీతలో 'మా బడి వంట అవ్వ, జిగట చూసి చెప్పింది' అని రాశాం.